తడి ఆరని గోడ

పెదవులు తప్ప అంతా అయిపోయింది. పెదవులు వేస్తే మొహం పూర్తి, మొహం పూర్తయితే ఈ రోజు ముక్క పూర్తి, ఈ ముక్క పూర్తయితే గోడ పూర్తి, గోడ పూర్తయితే అక్క కళ్ళ సంగతి ఇక నా చేతిలో ఉండదు, అందుకే గంట నుంచీ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే దిద్దుతూ కూర్చున్నాను, ఎడమ కంటికి అయిపోయాయి, కుడి కంటికి అయిపోయాయి, మళ్ళీ ఎడమ కంటికే వచ్చాను, ఇంకో నాలుగు పెడితే ఆ కన్ను గొంగళిపురుగులా తయారవుతుంది, అయినా చెయ్యి ఆపడానికి వీల్లేదు. కుంచె కింద పెట్టకూడదు. పొద్దున ఏడింటికి పట్టుకున్నాను, ఇప్పుడు ఎదురు గోడ మీద గడియారంలో మూడుంపావు, ఈ మధ్యలో మంచినీళ్ళు తాగింది ఎడమ చేత్తో, చెమట తుడుచుకున్నది ఎడమ చేత్తో, తిండి మాత్రం మానేశాను, బొటనవేలు ఎప్పుడో మొద్దుబారిపోయింది, అది నా వేలేనా అని రెండుసార్లు చూసుకున్నాను కూడా. కింద చదువుకునే హాలు ఖాళీగా ఉంది, కొత్త బల్లలన్నీ మా సున్నం చుక్కలు పడకుండా పాత కాగితాలు కప్పుకుని ఉన్నాయి, ఎల్లుండి ఈ గ్రంథాలయం తెరుస్తారు, ఎల్లుండి జనం వచ్చి తలెత్తి ఈ గోడ చూస్తారు. పక్కనున్న పుస్తకాల గదిలో అక్క పడుకుని ఉంది, కళ్ళలో చుక్కల మందు వేసుకుని, వాటి మీద తడిగుడ్డ పరుచుకుని. నాలుగింటికి లేస్తుంది. లేచి, తడుముకుంటూ పరంజా కిందికి వచ్చి, అయిందా అని అడుగుతుంది. ఆ మాట అడిగేలోపల నేను ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అయిందా అని ఆవిడ అడిగే తీరే నాకు పడదు, చిన్నప్పటి నుంచీ పడదు, అందులో ఎకసెక్కం లేదని తెలుసు, అయినా పడదు, ఎందుకంటే మా పనిలో ఆ ప్రశ్నకి మించిన ప్రశ్న లేదు. మాది తడి గోడ పని. ఇసుకా సున్నం కలిపి, ఒక్క రోజులో వెయ్యగలిగినంత మేర మాత్రమే గోడకి పూత పెట్టి, అది తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు వెయ్యాలి, తడి రంగుని లోపలికి లాగేసుకుంటుంది, ఆరాక రాయైపోతుంది, ఇక వందేళ్ళైనా పోదు. ఆరిపోయిన పూత మీద వేస్తే రంగు పొడిపొడిగా పైనే నిలబడి, చెయ్యి తగిలితే రాలిపోతుంది. కాబట్టి ఎంత బాగా వేశావన్నది తర్వాత మాట, ఆరేలోపల వేశావా లేదా అన్నది మొదటి మాట, వెయ్యలేకపోతే ఉలి పెట్టి ఆ ముక్కంతా చెక్కేసి, మర్నాడు కొత్త పూత పెట్టి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అక్క ఐదు గంటల్లో ముగించేది. ఒక మనిషినీ, ఆ మనిషి వెనక చెట్టునీ, చెట్టు మీద వెలుగునీ ఐదు గంటల్లో వేసేసి, కుంచెలు కడుక్కుని, పరంజా మీద కాళ్ళాడిస్తూ కూర్చుని నావైపు చూసి అయిందా అనేది. నాకు అయ్యేది కాదు. నాకు పది గంటలు కావాలి, గోడ ఆరు గంటలిస్తుంది. నాన్న ఎవరితోనైనా మమ్మల్ని చూపించి, మా పెద్దది పుట్టిందే గోడ కోసం అని, మా చిన్నదానికి చెయ్యి ఉంది గానీ కాలం లేదు అనేవాడు, ఆ రెండో ముక్క అనేటప్పుడు నా తల నిమిరేవాడు, ఆ నిమరడమే నాకు మంటగా ఉండేది. నేను ఉలితో చెక్కేసిన నా మొహాలు, నా చేతులు, నా ఆకులు ఎన్నో లెక్క లేదు. ఉలి శబ్దం వింటే ఇప్పటికీ నాకు పళ్ళు జివ్వుమంటాయి.

ఏం చూస్తున్నావు, కానీ, అంటోంది గోడావిడ. నా మోకాలి పక్కనే పరంజా పలక మీద కూర్చుని ఉంది, తాపీ అంత ఎత్తు మనిషి, ఊడిన రంగు పెచ్చుల్ని చీరలా చుట్టుకుంటుంది, ఇవాళ పసుపు, నిన్న నీలం, కాళ్ళు ఎప్పుడూ తడే, ఆవిడ నడిచినచోట చెమ్మ మరకలు పడతాయి, వాటిని చూసి గ్రంథాలయం మేనేజరు పైకప్పు కారుతోందేమోనని నిన్న నిచ్చెన తెప్పించాడు. మా నాన్న వాళ్ళని గోడవాళ్ళు అనేవాడు. తడి గోడ పనివాళ్ళకి వాళ్ళ సంగతి తెలుసు, ఎవరూ పైకి చెప్పరు, కానీ ఏ గోడకైనా కింద మూలన అరచెయ్యంత మేర రంగు వెయ్యకుండా వదిలేస్తారు, అది వాళ్ళ చోటు. అందులో నువ్వు చుక్క పెట్టినా వాళ్ళు నిన్ను పలకరించడానికి వచ్చినట్టే, వాళ్ళు పలకరిస్తే మాట ఇవ్వకుండా తప్పించుకున్న మనిషి లేడు అని నాన్న అనేవాడు, అనేసి నవ్వేవాడు, అది భయపెట్టడమో నిజమో మాకు తెలిసేది కాదు. అక్కకి అసలు పట్టేది కాదు. పట్టాల్సిన అవసరం ఏముంది, ఆవిడకి గోడంతా ఉండగా అరచెయ్యంత మూలతో ఏం పని. నాకుంది పని.

ఎనిమిదేళ్ళ కిందట, ఒక బడి వరండా గోడ, పొడుగ్గా నలభై అడుగులు, నాన్నకి అప్పటికే చెయ్యి వణుకు వచ్చింది, మీ ఇద్దరూ సగం సగం వెయ్యండి అన్నాడు. నా సగంలో మొదటి ముక్క ఆరిపోయింది, చెక్కాను. రెండోది ఆరిపోయింది, చెక్కాను. మూడోది సగంలో ఉండగా అక్క వచ్చి, కోపంగా కాదు, ప్రేమగానే, పక్కకి జరగవే, లేకపోతే బడి తెరిచే రోజుకి గోడ పూర్తికాదు, అని నా కుంచె తీసుకుని, నేను గీసుకున్న గీతల మీదే, నేను అనుకున్న రంగులే, గంటన్నరలో నింపేసింది. బాగుంది కూడా. నేను వేస్తే ఎలా ఉండాలని అనుకున్నానో అంతకన్నా బాగుంది, అదే నన్ను తినేసింది. అలా నా సగం కూడా ఆవిడదే అయిపోయింది, నలభై అడుగుల గోడలో నాకు మిగిలింది కింద మూలన ఆ అరచెయ్యంత చోటు. చివరి రోజు సాయంత్రం, నాన్నా అక్కా సామాను సర్దుకోవడానికి వెళ్ళినప్పుడు, నేను ఆ చోటు ముందు బోర్లా పడుకుని, ఒక చిన్న కిటికీ వేశాను, కిటికీలో ఒక కూజా, కూజా మీద పడ్డ వెలుగు. అరచెయ్యంతే కదా, అది ఆరేలోపల నాకు కూడా అయిపోయింది. జీవితంలో మొదటిసారి అయిపోయింది. లేచి కూర్చునేసరికి ఎదురుగా గోడావిడ, నడుం మీద చేతులు పెట్టుకుని నా కూజాని చూస్తోంది.

ఇన్నేళ్ళలో మా చోట్లో మాకోసం బొమ్మ వేసింది నువ్వే అంది, ఇంటికి కొత్తగా సున్నం వేయించుకున్న ఇల్లాలిలా మురిసిపోయింది, ఏం కావాలో అడుగు అంది. ఎవరికోసమూ వెయ్యలేదనీ, ఉక్రోషం కొద్దీ వేశాననీ నేను చెప్పలేదు. నేను వేస్తున్నంతసేపూ నా గోడ తడిగా ఉండాలి అన్నాను. ఆవిడ తలాడించింది. ఏడు గోడలకి అలాగే ఉంటుంది, నువ్వు కుంచె పట్టుకున్నంతసేపూ ఆరదు, ఒకవేళ పూత తడిగా ఉండగా, పని మిగిలి ఉండగా కుంచె కింద పెట్టావా, మన మాట అక్కడితో రద్దు, తీసుకున్నది తీసుకున్న చోటికే పోతుంది, అలా కాకుండా ఏడో గోడ కూడా పూర్తి చేశావా, ఆ తడి ఇక నీ సొంతం, నువ్వు తిరిగి ఇద్దామన్నా పోదు అంది. పని మధ్యలో కుంచె కింద పెట్టే వెర్రిది ఎవరు, నేనైతే కాదు, ఒప్పుకున్నాను. అప్పుడు ఆవిడ వెళ్ళబోతూ వెనక్కి తిరిగి అడిగింది, ఇప్పటికీ ఆ గొంతు అలాగే వినబడుతుంది, "మరి ఆ తడి ఎక్కడి నుంచి తెమ్మంటావు?"

"ఎక్కడి నుంచి తెస్తే నాకేం" అన్నాను.

నాకేం. ఆ మాట అనేటప్పుడు నేను చేతులు కడుక్కుంటున్నాను, ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు, ఏ చెరువులోంచో బావిలోంచో తెచ్చుకుంటుందనుకున్నాను, అసలు అనుకున్నానా, ఏమీ అనుకోలేదు, అనుకోకుండా ఉండటానికే కదా అలా అన్నది. మొదటి గోడ ఒక ఆసుపత్రి మెట్ల దగ్గర, పదకొండు గంటలు ఏకబిగిన వేశాను, పూత అప్పుడే పెట్టినట్టు మెరుస్తూనే ఉంది, నాన్న వచ్చి నిలబడి చూసి బయటికి వెళ్ళి ఒక్కడే చాలాసేపు నిలబడ్డాడు, ఆ రోజు రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆ నెలలోనే అక్కకి సంగీతం బడి వేదిక వెనక గోడ వచ్చింది. పూత పెట్టిన గంటకే ఆరిపోయింది. ఎండ ఎక్కువైందన్నారు, గుడ్డలు కట్టారు. మర్నాడు ముప్పావు గంటకే ఆరిపోయింది. సున్నం మార్చారు, ఇసుక మార్చారు, అక్క ఐదు గంటల పనిని ముప్పావు గంటలో చెయ్యాలని చూసింది, చెయ్యలేకపోయింది, ఎవరు చెయ్యగలరు, అయినా వేసింది, పట్టుదలకి పొడి గోడ మీదే వేసింది, మొదటి కచేరీ రోజున వేదిక మీద కూర్చున్న పాటగాడి నల్లకోటు మీద ఆవిడ వేసిన ఆకాశం అంతా రాలింది. జనం నవ్వారు. నాన్న నవ్వలేదు, పెద్దదాని చెయ్యి బరువెక్కింది అన్నాడు, అంతే అన్నాడు, ఆ తర్వాత ఎవరికీ మా పెద్దది అని చూపించలేదు. నేను ఆ మాట గదిలోంచి విన్నాను. విని, ఇప్పుడు తెలిసిందా అనుకున్నాను, దాచడం దేనికి, సరిగ్గా అలాగే అనుకున్నాను.

ఇంకో రెండు గోడలు ప్రయత్నించి అక్క మానేసింది. నీకు సున్నం నేను కలుపుతాలే, బయటివాళ్ళని పెట్టుకుంటే ఇసుక సరిగ్గా జల్లించరు, అంది, అని నా వెంట రావడం మొదలుపెట్టింది, ఆరేళ్ళుగా పొద్దున్నే లేచి నాకు పూత పెట్టి, నేను వేస్తుంటే కింద కూర్చుని చూస్తుంది. ఒక్కోసారి ఆ భుజం కొంచెం దించవే అంటుంది, దించితే నిజంగానే బొమ్మ నిలబడుతుంది, నాకు ఒళ్ళు మండుతుంది, మర్నాడు కావాలనే ఆవిడ చెప్పింది చెయ్యను. ఆవిడ పెదవులు పగలడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. అరచేతులు పగలడం సున్నం వల్లే అనుకున్నాం, సున్నంలో చేతులు పెట్టే ఎవరికైనా పగులుతాయి. తర్వాత నోరు, అన్నం ముద్ద మింగాలంటే ప్రతి ముద్దకీ గుక్కెడు నీళ్ళు. తర్వాత కళ్ళు. నాన్న పోయినప్పుడు అందరూ ఏడ్చాం, అక్క ఏడవలేదు, ఎంత గట్టి గుండె అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు, నిజానికి ఆవిడ నోరు తెరుచుకుని మొహం అంతా ముడతలు పడేలా ఏడుస్తూనే ఉంది, నీళ్ళే రాలేదు. నేను పక్కనే నిలబడి చూశాను. అప్పటికి నాది నాలుగో గోడ. అప్పుడే తెలిసిపోయింది నాకు, తెలియలేదని ఎవరితో చెప్పుకున్నా నాతో నేను చెప్పుకోలేను, తెలిసింది, అయిదో గోడ ఒప్పుకున్నాను, అది పూర్తయ్యాక చూద్దాం అనుకున్నాను, పూర్తయ్యాక ఆరోది, అదీ పూర్తయ్యాక ఈ ఏడోది.

పోయిన నెల కంటి డాక్టరమ్మ దగ్గర, ఆ గదిలో అద్దాల పెట్టె వాసన, గడ్డం ఆనించే ఇనప పీట, అక్క గడ్డం ఆనించి కూర్చుంటే డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. చివరిసారి ఎప్పుడు ఏడ్చారు అని అడిగింది. అక్క నవ్వేసి, మా ఇంట్లో ఏడిపించేవాళ్ళు ఎవరూ లేరండీ అంది. డాక్టరమ్మ నవ్వలేదు. నల్లగుడ్డు మీద పొర గరుకుకాగితంలా అయిపోయింది, చుక్కల మందు ఇక ఆపలేదు, ఏడాది లోపల వెలుతురూ చీకటీ తప్ప తెలియవు అంది, అక్కతో కాదు, అక్కని బయట కూర్చోమని నాతో. బయటికి వస్తే అక్క, ఏమందే, అని అడిగింది. మందు మార్చమంది అన్నాను. ఆ మర్నాడే పరంజా ఎక్కి గోడావిడని పిలిచాను, అది మా అక్కదేనా అని అడిగాను, నాకు నువ్వే చెప్పాలి, నీ నోటితో చెప్పు అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. మరీ దూరం నుంచి తేవడం కష్టం కదమ్మా, ఇంట్లో ఉన్నదే తెచ్చాను, నువ్వు ఎక్కడి నుంచైనా అన్నావు అంది, అందులో వెటకారం లేదు, పాపం నిజంగానే తనకేం తప్పు కనబడలేదు.

ఎన్ని వెంట్రుకలు పెడతావే అంటోంది ఇప్పుడు గోడావిడ, పెదవులు కానియ్, నాకూ ఒక పని అయిపోతుంది. మూడున్నర. ఇందాక మేనేజరు ఓసారి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని చూసి వెళ్ళాడు, ఇంత సజీవంగా ఎలా వేస్తారమ్మా అన్నాడు, నేను వెనక్కి తిరగకుండా అలవాటైపోయిందండీ అన్నాను. నిజమే, సజీవంగా ఉంది. పుస్తకంలోంచి తలెత్తి చూస్తున్న ఆడమనిషి, గోడ మధ్యలో, ఆమె చుట్టూ మిగతా వందమంది నడుస్తూ, మోస్తూ, పోట్లాడుకుంటూ ఉన్నారు, వాళ్ళందరికన్నా ముందు చూపు ఆమె మీదే పడుతుంది, ఆ నుదురు, ఆ చెంప మీద వెలుగు, ఇలాంటి చెంప నేను మళ్ళీ వెయ్యను. ఎలా వేస్తాను. కుంచె కింద పెడితే నాకు మళ్ళీ ఆరు గంటలే. ముప్పై దాటిన దాన్ని, ఎనిమిదేళ్ళుగా నిదానంగా వెయ్యడం తప్ప ఏమీ నేర్చుకోని దాన్ని, రేపటి నుంచి మళ్ళీ ఆరిపోయిన ముక్కలు చెక్కుకుంటూ కూర్చుంటాను, నన్ను పిలిచేవాళ్ళు రెండు గోడలు చూసి మానేస్తారు. నేనిప్పుడు ఎవరినంటే ఈ గోడలే నేను, ఇవి తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియదు, చూడాలని కూడా లేదు. ఇంకోవైపు నుంచి ఆలోచించు అంటుంది లోపల ఒక గొంతు, అది గోడావిడది కాదు, నాదే, అక్క ఎలాగూ మానేసింది, ఆవిడకి కళ్ళు వచ్చినా చెయ్యి తిరిగి వస్తుందా, ఇద్దరిలో ఒక్కరైనా వెయ్యనీ, నువ్వు జీవితాంతం దగ్గరుండి చూసుకో, అన్నం కలిపి పెట్టు, చెయ్యి పట్టుకుని నడిపించు, ఎంత మంచి చెల్లెలని లోకం అంటుంది. అనేస్తుంది కూడా లోకం.

సరే, పెదవులు. కుంచె ఎర్రమట్టి రంగులో ముంచాను, నీళ్ళు పిండాను, చెయ్యి ఎత్తాను. ఈ మొహం ఎవరిదో మొదటి నుంచీ నాకు తెలుసు, మేనేజరు ఎవరి మొహమైనా పరవాలేదన్నాడు, నేను గీత పెట్టగానే అక్కది వచ్చింది, ఇప్పటి అక్క కాదు, ఇరవై ఆరేళ్ళ అక్క, బడి వరండాలో నిలబడ్డ అక్క. మరి ఆ నోరు ఎలా ఉండేది. నవ్వుతూ ఉండేది, అయిందా అంటూ ఉండేది, కాదు, అది కాదు, ఈ మొహంలో ఆ చూపుకి ఆ నోరు సరిపోదు, ఈ చూపు వేరే, ఇది దేన్నో కొత్తగా చూసినప్పటి చూపు, ఏం చూసింది, ఎప్పుడు. వరండా. పొద్దున. నేను గోడావిడకి మాటిచ్చిన మర్నాటి పొద్దున, సామాను బండికి ఎక్కిస్తున్నాం, అక్క కింద మూలన ఏదో చూసి వంగింది, వంగి, మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. నా కిటికీ. నా కూజా. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తింది, సరిగ్గా ఇలాగే, ఈ నుదుటితో ఈ కళ్ళతో, కళ్ళలో నీళ్ళున్నాయి, అవును ఉన్నాయి, మెరిశాయి, "ఇది నువ్వే వేశావా? నావల్ల కాదే ఇలా" అంది.

ఎనిమిదేళ్ళుగా ఆ మాట నేను తలుచుకోలేదు. తలుచుకోకుండా ఎంత జాగ్రత్తగా పక్కనుంచి నడిచానో ఇప్పుడు తెలుస్తోంది, గదిలో పగిలిన గాజు చుట్టూ నడిచినట్టు నడిచాను. ఆ కూజా నేను వేసింది మాట ఇవ్వకముందు. ఎవరి తడీ తీసుకోకముందు. నా ఆలస్యంతో, నా ఉక్రోషంతో, బోర్లా పడుకుని, నా చేత్తో. అక్క అది చూసి ఒప్పుకుంది, నోరు తెరిచి చెప్పింది, నేను దానికోసమే కదా పదేళ్ళు కుళ్ళిపోయింది, ఒక్క రాత్రి ఆగి ఉంటే, ఒక్క రాత్రి, మర్నాడు పొద్దున అది నాకు ఊరికే దొరికేది. ఊరికే దొరికింది కూడా. దొరికినప్పుడు నేనేం చేశాను, ఏదో పిచ్చిగీతలే అని సామాను మోసుకుంటూ వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆ మాట అంటున్న పెదవులు ఆవిడ నోట్లోంచి లాక్కున్న తడితోనే ఇక్కడ వెయ్యాలి, వేస్తే బ్రహ్మాండంగా వస్తాయి, ఎల్లుండి జనం ఆగి చూస్తారు, అక్కకి మాత్రం కనబడవు. చెయ్యి గాల్లోనే ఉంది. రంగు కుంచె కొసన బొట్టుగా దిగుతోంది. గోడావిడ లేచి నిలబడింది, ఏమైంది అంది, మొదటిసారి ఆవిడ గొంతులో కంగారు విన్నాను.

కుంచె పలక మీద పెట్టేశాను. పెట్టాననడం కూడా అబద్ధం, వేళ్ళు తెరుచుకోలేదు, ఎడమ చేత్తో ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది. పూత ఒక్క ఊపిరిలో ఆరిపోయింది, ఎనిమిదేళ్ళుగా చూడని ఆ తెల్లదనం అంచుల నుంచి మొదలై నుదుటి మీదికి, చెంప మీదికి పాకేసింది, పెదవులు ఉండాల్సిన చోట ఉత్త సున్నం. సరేలే, నీ చెయ్యి నీది, నీ ఆలస్యం నీది, అంది గోడావిడ, కోపం లేకుండానే, పసుపు పెచ్చులు దులుపుకుని గోడలోకి వెళ్ళిపోయింది. నేను పలక మీద కూర్చుండిపోయాను. భయం వేసింది. చేసిన మంచిపనికి సంతోషం కలుగుతుందంటారు, నాకు మాత్రం మెట్టు తప్పిన భయమే వేసింది.

పుస్తకాల గదిలో ఏదో కిందపడింది, తర్వాత అక్క గొంతు, నన్ను పిలుస్తోంది, గాభరాగా, ఆ వెంటనే నవ్వుతూ. తలుపు తోసుకుని వచ్చింది, తడిగుడ్డ మొహానికి అదుముకుంటూ, తీస్తూ, మళ్ళీ అదుముకుంటూ. కళ్ళ నుంచి ధారలుగా కారుతోంది, గడ్డం మీదుగా మెడలోకి, ఆగట్లేదే, చూడవే, మందు పనిచేసింది, కొత్త మందు పనిచేసింది, అంటూ బల్లలకి గుద్దుకోకుండా, తడుముకోకుండా, సరాసరి పరంజా కిందికి నడిచి వచ్చింది. మందు పనిచేసిందని ఊరుకోవచ్చు నేను. నోరు మూసుకుంటే చాలు, ఆ డాక్టరమ్మకి దండం పెట్టుకుని, ఇద్దరం ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఆ క్షణంలో అది కూడా ఆలోచించాను, అలాంటిదాన్ని నేను. అక్క తలెత్తింది, గోడ చూసింది. ఏంటే ఇది, మధ్యలో ఆపావు, ఆరిపోయింది కదా, అంది. పైనుంచే చెప్పాను. దిగి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, పలక అంచు పట్టుకుని, బడి వరండా దగ్గర మొదలుపెట్టి నాకేం అన్న మాట దాకా, సంగీతం బడి గోడ దాకా, డాక్టరమ్మ నాతో విడిగా చెప్పిన దాకా, తెలిసి కూడా ఒప్పుకున్న మూడు గోడల దాకా, ఏదీ తగ్గించకుండా చెప్పాను.

అక్క కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడం మాత్రం మానేసింది. నీకు ముందే తెలుసా అని నేనే పిచ్చిదానిలా అడిగాను, తెలిసి ఊరుకున్నానంటుందేమోనని, అలా అంటే నాకు కాస్త బరువు తగ్గుతుందేమోనని. తల అడ్డంగా ఊపింది.

"నా చెయ్యే పాడైందనుకున్నాను. ఎనిమిదేళ్ళు రోజూ ఈ చేతుల్ని చూసుకుని అదే అనుకున్నాను" అంది. చేతులు దించేసి, "నాన్నకి తెలుసా?" అంది.

"తెలీదు."

"అంటే ఆయన కూడా అలాగే అనుకుని పోయాడు."

ఆవిడ సామాను పెట్టె దగ్గరికి వెళ్ళి, ఉలీ సుత్తీ తీసి, నిచ్చెన నాలుగు మెట్లెక్కి నా కాళ్ళ పక్కన పెట్టింది. దగ్గర్నుంచి ఆవిడ కళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి, వాటిలో నామీద జాలి వెతికాను, లేదు. ఈ ముక్క చెక్కెయ్యి, పూత పొద్దున్నే పెట్టు, రేపు నేను వేస్తాను, అంది. రేపు ఒక్క రోజే ఉంది, ఆరేళ్ళయింది కుంచె పట్టి, ఐదు గంటల్లో అవుతుందా అని అడగబోయి ఆపుకున్నాను. ఇంకోటి మాత్రం ఆపుకోలేకపోయాను.

"అక్కా, అది నీ మొహమే" అన్నాను.

"కనబడుతోంది. చెక్కు" అంది.

కిందికి దిగి, ఒక బల్ల మీద కాగితం తీసేసి, కుర్చీ లాక్కుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను ఉలి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నేను వేసిన మొహాల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. నుదుటి దగ్గర మొదలుపెట్టాను.